నడినీళ్ల మీది గాలి

ఆమెను ఇంటిల్లిపాదీ డ్రోనమ్మ అనే పిలిచేవారు. పెళ్లిళ్లకీ, అమ్మకానికి పెట్టిన స్థలాలకీ పైనుంచి వీడియోలు తీసి బతుకుతోంది. ఆ పేరు పెట్టింది బావే. "మా మరదలికి నేల మీద కాలు నిలవదు" అని ఆటపట్టించేవాడు. ఆయనకి జలాశయంలో చేపల పెంపకం. పొద్దున్నే పడవ మీద నడినీళ్లలోని వలల దగ్గరికెళ్లి మేత వేసి, అన్నం వేళకి ఇల్లు చేరేవాడు.

ఆ రోజు చేరలేదు. ఫోనూ కలవలేదు. అక్క ఒడ్డున నిలబడి ఉంటే, చెల్లెలు డ్రోన్ పెట్టెతో పరిగెత్తుకొచ్చింది.

"ఇన్ని నీళ్లలో ఎటని వెతకనమ్మా?" అన్నాడు గస్తీ లాంచీ నడిపే పెద్దాయన.

ఒడ్డున ఆకు కదలడం లేదు. లేచిన డ్రోన్ చూస్తుండగానే వలల మీదికి చేరింది. ఇంత తొందరగా ఎలా చేరిందా అని అనుమానపడాల్సింది పోయి, ఆమె సంబరపడింది. వలలున్నాయి, పడవ లేదు. ఇంకాస్త దూరం వెతికి, బ్యాటరీ అరవై శాతం ఉండగా వెనక్కి తిప్పింది.

తిప్పాక తెర చూసింది. డ్రోన్ ఉన్న బలమంతా పెట్టి ఎగురుతోంది. దూరం చూపే అంకె మాత్రం కదలడం లేదు. బ్యాటరీ ఒక్కొక్క శాతమే దిగిపోతోంది. ఒడ్డుకి కొండ అడ్డముంది కాబట్టి ఇక్కడ గాలి తెలియలేదు, అక్కడ నీళ్ల మీద విరుచుకుపడుతోంది. గబగబా కిందికి దించింది. నీళ్లకి దగ్గరైతే గాలి కొంచెం తగ్గుతుంది. అంకె మెల్లగా కదిలింది.

"వెనక్కెందుకే? ఇంకా ముందుకి పంపు" అంది అక్క.

"పంపితే తిరిగి రాదక్కా."

"పోతే పోనీ. మీ బావకంటే ఎక్కువా అది?"

ఆ మాట చురుక్కుమంది. "అది పడిపోతే మనకి కళ్లే ఉండవక్కా" అని మాత్రం అంది.

బ్యాటరీ అడుగంటుతుండగా డ్రోన్ ఒడ్డుకొచ్చి పడింది. దాన్ని అందుకుంటుండగానే ఆమెకి తట్టింది. డ్రోన్‌నే నిలబెట్టేసిన గాలి, ఇంజను ఆగిన పడవని వలల దగ్గర ఉండనిస్తుందా?

"బాబాయ్, మీరు లాంచీలో వలలు దాటి గాలి వాలుకి రండి. మేం అవతలి ఒడ్డుకి పోతాం. అక్కణ్ణుంచి ఎదురుగాలికి పంపితే, వచ్చేటప్పుడు గాలే తోసుకొస్తుంది."

బావ చేపల వ్యాన్‌లో చుట్టు తిరిగి వెళ్లి, కొత్త బ్యాటరీ వేసి లేపింది. కాసేపటికి తెర మీద పడవ కనిపించింది. బోర్లాపడి ఉంది. చుట్టూ మనిషి లేడు.

వెనకనుంచి చూస్తున్న అక్క నేల మీద కూలబడింది. చెల్లెలి బుర్రలో ఒక్క ఆలోచన లేదు, వేళ్లు మాత్రం వాటంతటవే మీటలు కదుపుతున్నాయి. అప్పుడు మెదిలింది: బోర్లాపడ్డ పడవని గాలి ఈడ్చుకొస్తుంది గానీ, ఒళ్లంతా నీళ్లలో ఉన్న మనిషిని అంతగా లాగలేదు. ఆయన వెనకబడి ఉంటాడు. డ్రోన్‌ని ఇంకా గాలికెదురుగా తోసింది. మరో రోజైతే ఎప్పుడో వెనక్కి తిప్పేసేది.

నీలంరంగు మేత డ్రమ్ము. దాన్ని కావలించుకుని బావ.

లాంచీకి ఫోన్ చేసింది. "డ్రోన్ కనబడుతోందా బాబాయ్? దాని కిందే ఉన్నాడు."

ఇప్పుడు తిప్పినా డ్రోన్ ఒడ్డు చేరుతుంది. తిప్పలేదు. లాంచీకి అది తప్ప ఇంకో గుర్తు లేదు. బ్యాటరీ అయిపోతోందని హెచ్చరిక మోత మొదలైంది. కాసేపటికి డ్రోన్ తనంతట తానే దిగసాగింది. తెర మీద బావ ముఖం పెద్దదవుతోంది, నోరు తెరుచుకుని ఉంది. డ్రోన్‌ని బలవంతాన పక్కకి నెట్టింది. తెర నల్లబడింది.

తర్వాత ఏమైందో చెప్పే దిక్కు లేదు. లాంచీ ఒడ్డుకి తిరిగేదాకా అక్కాచెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

దుప్పటి చుట్టి బావని దించారు. పెదాలు నీలంగా ఉన్నాయి. "నెత్తి మీదికే దింపావేంటే? డ్రమ్ము వదిలేసి మునుగుదామనుకున్నా" అన్నాడు, వణుకుతూ.

ఎవరూ నవ్వలేదు. ఆమె బొటనవేళ్లు ఇంకా మీటల మీద ఉన్నట్టే వంగిపోయి ఉన్నాయి. అక్క వచ్చి పక్కన కూర్చుని, వాటిని ఒక్కొక్కటే సాపు చేసింది.