వాస్తు కుదిరిన బండి

కొత్తగా చదువు పూర్తయిన రోజుల్లో మనిషికి ఒక జబ్బు ఉంటుంది. ప్రపంచమంతా మనకోసమే ఆగి ఉందనీ, మనం తలుపు తీయడమే ఆలస్యమనీ గట్టి నమ్మకం. ఫిజియోథెరపీ పాసై గుడివాడ వచ్చిన కొత్తల్లో నాకు ఆ జబ్బు బాగా ముదిరింది. కృష్ణా జిల్లాలో ఉన్న మోకాళ్ళూ, నడుములూ, పట్టేసిన మెడలూ అన్నీ నా చేతికోసమే ఎదురుచూస్తున్నాయనుకునేదాన్ని. మా ఇంటి వీధి గదికి సున్నం వేయించాను, బల్ల చేయించాను, బోర్డు రాయించాను. శ్రావణంలో మంచిరోజు చూసి కొబ్బరికాయ కొట్టడమే తరువాయి. అడ్డం ఒక్కటే. ఆ వీధి గదికీ వీధికీ మధ్య మా నాన్నగారి బండి ఉంది.

బండి అంటే ఏ స్కూటరో కారో అనుకునేరు. ఇల్లంత బండి. నాన్న తన పంపుసెట్ల దుకాణాన్ని బాబాయికి అప్పగించేసి, "ఇన్నాళ్ళూ ఊళ్ళో వాళ్ళ పొలాలకి నీళ్ళు పారించాను, ఇహ నేను ప్రవహిస్తా" అని ఒక డైలాగు కొట్టి, ఎక్కడో వాడేసిన ఫోర్ వీల్ డ్రైవ్ వ్యాను కొన్నాడు. దాన్ని బాడీ కట్టే షెడ్డులో పడేసి, పొద్దస్తమానం అక్కడే కూర్చుని, లోపల వంటగది, మంచాలు, బాత్రూమ్, నీళ్ళ ట్యాంకు అన్నీ దగ్గరుండి పెట్టించుకున్నాడు. నా కాలేజీ సెలవులన్నీ ఆ బండిలోనే గడిచాయి. ఎడారులు చూశాం, మంచు కొండలు చూశాం, పేరు తెలీని ఊళ్ళలో చెరుకురసాలు తాగాం. అదంతా బాగానే ఉంది. కానీ లోపలి ఏర్పాటు మొత్తం నాన్న తన స్నేహితుడైన ఒక సిద్ధాంతిగారిని అడిగి చేయించాడు. అవునండీ, బండికి వాస్తు చూపించాడు.

ఇంతకన్నా తెలివితక్కువ పని ఇంకోటి ఉంటుందా చెప్పండి. ఇల్లు ఒక చోట ఉంటుంది కాబట్టి దానికి దిక్కులుంటాయి. బండి ప్రతి మలుపు దగ్గరా దిక్కు మారుస్తుంది కదా! ఇదే మాట నేనంటే నాన్న, "ఆగినప్పుడు ఉత్తరం ముఖంగా ఆపుతాం, సరిపోతుంది" అన్నాడు. ఉత్తరం ముఖంగా ఆపితే వెనక కుడి మూల ఆగ్నేయం, అక్కడ పొయ్యి. వెనక ఎడమ మూల నైరుతి, అక్కడ బరువుండాలని నీళ్ళ ట్యాంకు. ముందు కుడి మూల ఈశాన్యం, అంటే డ్రైవరు సీటు, ఎదురుగా డాష్‌బోర్డు మీద దేవుడు, దివ్యంగా కుదిరింది. ఇక మిగిలింది ముందు ఎడమ మూల, వాయవ్యం. సిద్ధాంతిగారు అక్కడ బాత్రూమ్ పెట్టమన్నారు, నాన్న పెట్టేశాడు. అంటే డ్రైవరు పక్కన, మామూలు బండిలో మనిషి కూర్చునే చోట, మా బండిలో కమోడు ఉంటుంది. (ఎవరైనా డ్రైవరుకి దారి చెప్పాలంటే బాత్రూమ్ తలుపు తీసుకుని లోపల నిలబడి చెప్పాలి. నేను అలా నిలబడి సగం దేశం దారి చెప్పాను.)

ఫోర్ వీల్ డ్రైవ్‌ని మేం కొండలెక్కడానికి వాడింది తక్కువ, ఉత్తరానికి తిప్పడానికి వాడింది ఎక్కువ. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, కడుపులో ఆకలి నకనకలాడుతుంటే, నాన్న ఫోన్లో దిక్సూచి పెట్టుకుని బండిని ముందుకీ వెనక్కీ జరిపేవాడు. అమ్మ చేతిలో గరిటె పట్టుకుని, "ఉప్మాకి కూడా దిక్కులేమిటండీ, నా ఖర్మ కాకపోతే!" అని మొత్తుకునేది. పొయ్యి మాత్రం ఉత్తరం కుదిరాకే వెలిగేది.

చివరికి అమ్మ మోకాళ్ళు బండి మెట్లు ఎక్కలేమన్నాయి. ప్రయాణాలు ఆగిపోయాయి. బండి వచ్చి మా వాకిట్లో నిలబడింది. మా ఇల్లు తూర్పు ముఖం. బుద్ధున్నవాడైతే బండిని గేటు పక్కన గోడవారగా, వీధి వైపు ముఖం పెట్టి ఆపుతాడు. మా నాన్న ఉత్తరం ముఖంగా, ఇంటికి అడ్డంగా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఆపాడు. లోపల ఎవరూ వండట్లేదు, ఎవరూ పడుకోవట్లేదు, అయినా సరే ఉత్తరమే. నా బోర్డు బండి వెనక దాక్కుంది. పేషెంటు రావాలంటే బండికీ గోడకీ మధ్య పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని రావాలి. అలా రాగలిగినవాడికి ఫిజియోథెరపీ దేనికండీ?

"శ్రావణం లోపు బండి వెళ్ళాలి, లేదంటే నేను ఏ కార్పొరేట్ ఆసుపత్రిలోనో చేరిపోతా" అని నోటికొచ్చిన బెదిరింపు బెదిరించాను. నాన్న, "సరేలేవే, అమ్ముదాం" అన్నాడు. ఆ "అమ్ముదాం"లో ఎంత మోసముందో నాకప్పుడు తెలీదు. నేనే ఫొటోలు తీసి ఆన్‌లైన్లో ప్రకటన పెట్టాను. బాత్రూమ్ ఫొటో పెట్టలేదు.

మొదట బందరు నుంచి ఒకాయన భార్యతో సహా వచ్చాడు. ఆవిడ కిటికీలకున్న పెడన కలంకారీ తెరలు చూసి మురిసిపోయింది. నాకు సగం ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆవిడ ముందు సీట్లో కూర్చుని చూద్దామని ఎడమ తలుపు తీసి, "అమ్మో! ఇదేంటండీ?" అని రెండడుగులు వెనక్కి వేసింది.

"వాయవ్యం అమ్మా" అన్నాడు నాన్న, ఏదో కోహినూరు వజ్రం చూపించినట్టు.

"మరి మా ఆవిడ ఎక్కడ కూర్చోవాలండీ?" అన్నాడు బందరాయన.

"వెనక సోఫా ఉందండీ. అసలు డ్రైవింగ్‌లో భార్య పక్కనుండకపోవడమే ప్రశాంతం" అన్నాడు నాన్న. ఆవిడ మొహం మాడిపోయింది. బందరాయన మాత్రం నవ్వేసి, "సర్లెండి, ఇసకలో ఎలా నడుస్తుందో చూపించండి, మంగినపూడి బీచికి వెళ్దాం" అన్నాడు. ఆయన మంచితనం తల్చుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది.

మంగినపూడిలో బండి నిజంగానే బాగా నడిచింది. సముద్రం అంచుదాకా వెళ్ళి ఆగింది. బందరాయన ముచ్చటపడి, "కొనేద్దామే" అని భార్యతో అంటున్నాడు కూడా. నేను మనసులో కొబ్బరికాయ కొట్టేశాను. సరిగ్గా అప్పుడు ఆవిడ, "కాస్త టీ పెట్టుకుందామా, వంటగది కూడా చూసినట్టుంటుంది" అంది. అంతే. సముద్రం తూర్పున ఉంది, బండి తూర్పు ముఖంగా ఉంది.

"నాన్నా, వద్దు" అన్నాను. "ఒక్క నిమిషమే" అన్నాడు. ఉత్తరానికి తిప్పాడు. అక్కడ పైనంతా ఇసకలా కనిపిస్తుంది గానీ కింద బంకమట్టి. నిండా నీళ్ళున్న ట్యాంకుతో మా నైరుతి మూల చక్రం సగానికి దిగిపోయింది. నాన్న యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ బురద లేచి వచ్చి బందరాయన తెల్ల ప్యాంటు మీద పడింది. చేపల వాళ్ళు పదిమంది వచ్చి, మోకు కట్టి, "హైలెస్సా" అంటూ లాగితే గానీ బయటపడలేదు. ఆ లాగుడు జరుగుతుండగానే దంపతులిద్దరూ ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. నాన్న మాత్రం, "చూశావా, మనుషులు ఎంత సాయం చేస్తారో!" అని సంబరపడ్డాడు. నాకు సముద్రంలో దూకాలనిపించింది.

ఆషాఢం వచ్చేసింది. ఆషాఢంలో మా వైపు ఎవరూ బండి కొనరు. పైగా నాన్న రోజూ పొద్దున్నే దాన్ని తుడిచి, ఇంజను స్టార్ట్ చేసి, కాసేపు అందులో కూర్చుని దిగేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

అలాంటప్పుడు దివిసీమ నుంచి ఒకాయన మెడలో తువ్వాలతో మోటారు సైకిలు మీద వచ్చాడు. నాగాయలంక వైపు రొయ్యల చెరువులున్నాయిట. మేత వెయ్యాలన్నా, కాపలా కాయాలన్నా చెరువు గట్టు మీదే ఉండాలి. రేకుల షెడ్డు వేస్తే ప్రతి గాలివానకీ ఎగిరిపోతోంది. పోనీ ఇంకో గది ఏదైనా పెడదామంటే, వాస్తు లేని కప్పు కింద వాళ్ళావిడ పొయ్యి వెలిగించదు.

"వంట ఏ మూలండీ?" అన్నాడు.

నాన్న కళ్ళు మెరిశాయి. ఇన్నాళ్ళకి ఒక మనిషి అడిగాడు. ఆగ్నేయం, నైరుతి, ఈశాన్యం, వాయవ్యం చేయి పట్టుకుని తిప్పి మరీ చూపించాడు. చెరువాయన ప్రతి మూలకీ "అబ్బ!" అన్నాడు. ఆఖర్న, "మా గట్టు సరిగ్గా ఉత్తర దక్షిణాలేనండీ. ఫోర్ వీల్ కాబట్టి ఆ బురదలో గట్టు ఎక్కేస్తుంది. ఒకసారి నిలబెడితే ఇక జన్మలో కదపక్కర్లేదు. ఆషాఢమైనా ఫర్లేదు, మేం కొనేది బండి కాదుగా, గది" అన్నాడు.

నాన్న మొహంలో వెలుగు ఠక్కున ఆరిపోయింది. "ఆలోచించి చెప్తానండీ" అని ఆయన్ని పంపేసి, నా వైపు తిరిగి, "రొయ్యలకి కాపలా పెట్టడానికా నేను దీన్ని కట్టించింది? ఇది ఇల్లు కాదే, బండి!" అని అరిచాడు.

"మరి బండికి వాస్తు ఎందుకు పెట్టించావు నాన్నా?" అని నేనూ అరిచాను. "కదలకూడని దాన్ని కదిలించావు, ఇప్పుడు కదలనంటే ఏడుస్తున్నావు. నా క్లినిక్ ఏం కావాలి? నా చదువేం కావాలి?"

నాన్న మధ్యాహ్నం అన్నం తినకుండా పడుకున్నాడు. సాయంత్రం లేచి చెరువాయనకి ఆయనే ఫోన్ చేసి, "నేనే నడిపి తెచ్చి నిలబెడతానండీ, వేరే ఎవరూ ముట్టుకోకూడదు" అన్నాడు.

మర్నాడు బయల్దేరాం. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి దాటి పులిగడ్డ వంతెన మీదుగా దివిసీమలోకి దిగాం. నేను అలవాటు ప్రకారం బాత్రూమ్‌లో నిలబడి దారి చెప్పాను. గట్టు మీద ఒక్క తిప్పులో ఉత్తరం కుదిరింది. చెరువాయన భార్య పాలు పొంగించింది. ఆయన, "టైర్లు ఎండకి పాడైపోతాయండీ, తీసేసి ఇటికెలు పెడదాం" అంటే, నాన్న చొక్కా విప్పి జాకీ తనే పెట్టాడు. నాలుగు చక్రాలూ తనే ఊడదీసి ఒక పక్కన పేర్చాడు. నేను చూడలేక అటు తిరిగి, చెరువు నీళ్ళకి గాలి పట్టిస్తూ తిరుగుతున్న ఏరేటర్లని లెక్కపెడుతూ నిలబడ్డాను.

అవనిగడ్డలో బస్సెక్కాం. నాన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. స్టీరింగు లేకుండా ఆయన్ని నేను ఎప్పుడూ చూడలేదేమో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు. చల్లపల్లి దాటాక, "రేపు పొద్దున్న లేచి నేనేం చెయ్యాలే?" అన్నాడు.

"పేపరు చదువుకో" అన్నాను.

కూచిపూడి వచ్చేసరికి, "నీ క్లినిక్‌లో ఏదైనా పనుంటే చెప్పు. జీతం అక్కర్లేదులే" అన్నాడు.

పెద్ద డాక్టర్ని కదా, "ఆలోచించి చెప్తాను" అన్నాను.

ఆ ఆలోచన ఫలితం ఇన్నేళ్ళుగా అనుభవిస్తున్నాను. నాన్న నా క్లినిక్ గుమ్మంలో బల్ల వేసుకుని కూర్చుంటాడు. నడుం నొప్పితో వచ్చినవాడికి మంచు కొండల కథ చెప్తాడు. మెడ నొప్పివాడికి ఎడారి కథ. లోపల నేను ఖాళీగా, బయట వాళ్ళు నవ్వులతో. "పేషెంట్లని లోపలికి పంపు నాన్నా!" అని రోజుకి ఎన్నిసార్లు అరుస్తానో నాకే తెలీదు.

నిన్న ఆయనకి జ్వరమొచ్చి రాలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే తిన్నగా లోపలికొచ్చి, వైద్యం చేయించుకుని, మాటామంతీ లేకుండా వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికల్లా పనైపోయింది. బల్ల లేదు, కథలు లేవు, దారికి అడ్డం లేదు. ఆ రోజుల్లో నేను కలగన్న క్లినిక్ అచ్చం అదే. అప్పటి ఆ పిచ్చిమొహం ఎంత పోట్లాడిందో దానికోసం! గుమ్మంలో నిలబడి కాసేపు ఖాళీ వాకిలి చూశాను. తర్వాత ఇంట్లోకి కేకేశాను.

"నాన్నా, జ్వరం తగ్గితే కాస్త వచ్చి కూర్చోరాదూ!"