కుడి చక్రం మీద బరువు

దయ్యాల సంగతులు చెప్పేవాళ్ల దగ్గర నేను ఎక్కువసేపు నిలబడను. చిన్నప్పటి నుంచీ అంతే. మెకానికల్ ఇంజనీరింగ్ చదివాక ఆ కాస్త ఓపిక కూడా పోయింది. ఇప్పటికీ నేను వాటిని నమ్మను. నమ్మని మనిషిగానే, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

చదువయ్యాక ఒక వాహనాల కంపెనీ తరఫున హిమాచల్‌లో రెండు చలికాలాలు పనిచేశాను. బరువులు మోసే పికప్ బండ్లు మంచు రోడ్ల మీద జారకుండా ఏం చేయాలో చూడటం నా పని. టైర్ల గాడులు, టైర్లలో గాలి, వెనక ఇరుసు మీద బరువు, బ్రేకు తొక్కకుండా గేరుతోనే వేగం తగ్గించడం. ఇలాంటి బండిని తోసేవి వెనక చక్రాలు. తొట్టి ఖాళీగా ఉంటే వాటి మీద బరువు ఉండదు. అందుకే నిండు బండికన్నా ఖాళీ బండే ఎక్కువ జారుతుంది.

ఆ పని ముగించుకుని మార్కాపురం వచ్చేసరికి అదే సమస్య మా ఇంట్లో నా కోసం ఎదురుచూస్తోంది.

మా నాయన, చిన్నాయన కలిసి ఒక పికప్ పెట్టుకున్నారు. పలకరాయి నంద్యాలకు వేసుకుపోయి, ఖాళీగా తిరిగొచ్చేవాళ్లు. చిన్నాయన డ్రైవరు. నాయనకు క్యాబిన్‌లో కూర్చుంటే కడుపులో తిప్పేది. అందుకని ఎండైనా వానైనా వెనక తొట్టిలోనే, కుడి చక్రం పైన, మూలకు ఆనుకుని కూర్చునేవాడు.

నిరుడు ఎండాకాలం నాయన నిద్రలోనే పోయాడు. ఆ వానాకాలంలో, గిద్దలూరుకీ నంద్యాలకీ మధ్యనున్న నల్లమల ఘాట్‌లో, ఖాళీ బండి రెండుసార్లు జారింది. రెండోసారి వెనక చక్రం లోయ అంచుదాకా పోయి ఆగింది. చిన్నమ్మ ఇక ఊరుకోలేదు.

"బండి అమ్మేస్తావా, నన్ను మా పుట్టింట్లో దింపొస్తావా? ఏదో ఒకటి చెప్పు" అంది.

"దింపాలన్నా బండి ఉండాల గదే" అన్నాడు చిన్నాయన.

ఆమె నవ్వలేదు. బండి పోతే ఆయన యాభై దాటిన వయసులో ఇంకొకరి దగ్గర జీతానికి తోలాలి. కొన్నాళ్లు ఆగమని చిన్నమ్మను నేనే బతిమాలాను.

బండిలో కనిపించిన లోపాలు మామూలువే. వెనక టైర్లు నున్నగా అరిగిపోయాయి, మార్పించాను. ఖాళీగా వచ్చేటప్పుడు కూడా నిండు బండికి కొట్టినంత గాలి ఉంచుతున్నారు, తగ్గించమన్నాను. మిగిలింది బరువు. నాయన ఉన్నన్నాళ్లూ బండి ఎందుకు జారలేదో నాకు అర్థమైంది. ఒక నిండు మనిషి సరిగ్గా వెనక చక్రం మీద కూర్చునేవాడు. ఆ బరువు మళ్లీ పెడితే చాలు.

మంచు పడే చోట ఇందుకు ఇసుక మూటలు వేస్తారు. మార్కాపురంలో ఇసుక కొనేదెవరు? ఎటు చూసినా పలక తునకల గుట్టలే. నాలుగు గోనెసంచుల్లో తునకలు నింపి, మూతులు కుట్టి, ఇరుసు పైన రెండు పక్కలా సమంగా వేసి కట్టాను.

మొదటిసారి నేనూ వెంట వెళ్లాను. నంద్యాల చేరేసరికి వాన మొదలైంది. మేం ఎదురు హోటల్లో భోంచేసి వచ్చేలోపు హమాలీలు సరుకు దించి, తొట్టి మీద పట్టా కప్పి బిగించేశారు. అట్లాగే బయల్దేరాం.

ఘాట్‌లో వాన ఎక్కువైంది. కొండ మీది బురద రోడ్డంతా పరుచుకుంది. జారుడులో అది మంచుకేమీ తీసిపోదు. వెనకటిసారి జారిన మలుపు రాగానే చిన్నాయన చేతులు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి. బ్రేకు ముట్టుకోవద్దు, గేరు మీదే పోనివ్వమన్నాను. బండి ఏమాత్రం తొణక్కుండా తిరిగింది. తర్వాతి మలుపూ అంతే.

"మీ నాయన వెనకాల ఉన్నట్టే ఉంది రా" అన్నాడు చిన్నాయన.

"నాయన కాదు, పలక తునకలు" అన్నాను. నాకు గర్వంగా ఉంది.

ఘాట్ దిగాక దిగువమెట్ట దగ్గర టీకి ఆగాం. చిన్నాయన టీ చెప్పడానికి పోయాడు. అప్పుడే నంద్యాల వ్యాపారి నుంచి నాకు ఫోన్ వచ్చింది.

"ఏందబ్బా, నాలుగు మూటల తునకలు ఎందుకు పంపినారు? మావాళ్లు సరుకనుకొని దించినారు. వాటిని నేనేం జేసుకోవాల?"

వెనక్కి వెళ్లి పట్టా విప్పాను. తొట్టిలో ఏమీ లేదు.

అప్పుడు చక్రాలు చూశాను. ఎడమ పక్క టైరుకీ తొట్టికీ మధ్య ఉండాల్సినంత సందు ఉంది. కుడి పక్క రెండు వేళ్లు తక్కువ. బండి నిలిచింది సమంగా ఉన్న సిమెంటు గచ్చు మీద. టైర్లో గాలి దిగలేదు. వంగి లోపలున్న కమాను కట్ట, అంటే తొట్టి బరువు మోసే స్ప్రింగు పట్టీలు చూశాను. బరువు మోస్తున్నట్టు అణిగి ఉంది.

చూస్తుండగానే కట్ట కిర్రుమంది. ఆ మూల మెల్లగా పైకి లేచింది. తొట్టిలోంచి మనిషి దిగితే ఎట్లా లేస్తుందో అట్లా.

చిన్నాయన టీ గ్లాసుతో నా వెనకే నిలబడి ఉన్నాడు. ఖాళీ తొట్టి వైపు చూసి కోపంగానే అన్నాడు, "ఏంది అన్నా ఇది, ఇంత వానలో! ముందుకొచ్చి కూచోమని ఎన్నిసార్లు చెప్పినా." ఆ తర్వాత గ్లాసు కింద పెట్టి, భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు కమాను కట్టలు విప్పించాను. తుప్పుకి ఇరుక్కున్న పట్టీ ఏదైనా ఆలస్యంగా వదిలిందేమోనని నా అనుమానం. ఏదీ ఇరుక్కుని లేదు. షాక్ అబ్జార్బర్లు బాగున్నాయి. బండి జారకపోవడం కొత్త టైర్ల వల్లే కావచ్చు, అది ఒప్పుకుంటాను. ఖాళీ తొట్టి కింద కట్ట ఎందుకు అణిగిందో మాత్రం తేలలేదు.

చిన్నమ్మకు బండి జారలేదని మాత్రమే చెప్పాం. "ఈ వానలు అయ్యేదాకా చూస్తా" అంది. అమ్మకం మాట అప్పటికి ఆగింది.

మళ్లీ మూటలు నింపాను. ఈసారి ఎవరూ దించకుండా వాటికి ఎర్రరంగు పూశాను. కడుతుంటే చిన్నాయన వచ్చి, కుడి పక్కవి తీసి ఎడమ పక్కకు వేశాడు.

"అట్ల వేస్తే బండి ఒరుగుతాది చిన్నాయనా."

"ఒరగనీ. అన్న కూచునే తావులో రాళ్లు పెడతావా?"

అది తప్పు. బరువంతా ఒక పక్కకే వేసిన బండిని ఏ పరీక్షలోనూ నేను ఒప్పుకోను. అయినా మూటల్ని కదిలించలేదు.

పొడి రోజుల్లో బండి ఎడమకు ఒరుగుతుంది, ఒరగాల్సినంతే. వాన రోజు వెంట వెళ్తే, తిరుగు దారిలో ఘాట్ మొదట్లో దిగి రెండు చక్రాల దగ్గరా కొలుస్తాను. రెండు పక్కలా సమానంగా ఉంటుంది. ఇది ఎట్లా సాధ్యమో నేను చెప్పలేను.

అప్పుడు పట్టా ఎత్తి లోపలికి చూస్తే తేలిపోతుంది. ఒక తాడు విప్పితే చాలు. ఇంతవరకూ విప్పలేదు.