కర్ర మెడకు పట్టుదారం

పందొమ్మిది వందల యాభైల చివర, బెంగళూరు నుంచి మా హిందూపురానికి వచ్చిపోయే ఒక ఇంజినీరు తన గోల్ఫ్ కర్రను నా ముందు పెట్టాడు. దాని చెక్క తల చీలిపోయింది, కొత్తది చెయ్యమన్నాడు. ఆ ఆట నేను చూసింది లేదు. నాగళ్లు, తలుపులు చేసే వడ్రంగిని. అయినా రోషం ఊరుకుంటుందా! పెనుకొండ నుంచి చింత చేవ తెప్పించి పదిహేను రోజులు చెక్కాను. రెండు తలలు పొయ్యిపాలయ్యాయి. మూడోది అచ్చు గుద్దినట్టు కుదిరింది.

తలా కాడా కలిసేచోట పాతదానికి నల్లదారం చుట్టి ఉండేది. నేనూ అదే చుట్టబోతే మా ఆవిడ కర్ర లాక్కుంది.

"ఇదేమన్నా దిష్టిబొమ్మనా, నల్లదారం చుట్టేకి?"

ధర్మవరం పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఎర్ర పట్టుదారం చుట్టి, మధ్యలో రెండు వరసలు జరీ కూడా వేసింది. నా పరువు పోయిందనుకున్నాను.

నెల తిరక్కుండానే ఇంజినీరు జీపులో ఆరు కర్రలు వేసుకొచ్చాడు. అన్నీ స్నేహితులవట. నేను పొంగిపోయి బాడిసె అందుకున్నాను.

"తలలన్నీ బాగానే ఉండాయి, నువ్వు కూర్చోప్పా" అన్నాడాయన. "మీ ఇంటామెను పిలువు."

ఆమె దారం చుడుతుంటే కర్ర కదలకుండా పట్టుకోవడం ఆ రోజంతా నా పని. అందులోనూ మూడుసార్లు తిట్లు తిన్నాను.