నల్ల మిషన్ కోసం ఎల్లారెడ్డికి

నేను కామారెడ్డిలో మా బాపు బట్టల దుకాణంలో, గల్లాపెట్టె పక్కనే పెరిగాను. అక్కడ నేర్చుకున్న మొదటి పాఠం ఒకటే: కొనదల్చుకున్న వస్తువు వైపు చూడకూడదు. దాని పక్కనున్నదాన్ని పట్టుకుని తిప్పాలి, మూతి విరవాలి, ధర అడిగి ఉలిక్కిపడాలి, వెళ్లిపోతూ గడప దగ్గర ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు "మరి అదెంత?" అనాలి. ఈ విద్యతో నేను చీపుర్ల నుంచి పాడిబర్రె దాకా కొన్నాను. ఒకసారి రెండు పళ్లు పీకించుకుని, మూడోది కూడా పీకిస్తే ఎంత తగ్గిస్తారని డాక్టరును అడిగాను. ఆయన నవ్వుతుంటే చేతిలోని పట్టకారు కూడా వణికింది.

ఇంత గొప్ప బేరగత్తెను ఎల్లారెడ్డిలో ఒక ముసలి దర్జీ పడగొట్టాడు.

మా బిడ్డకు ఆడపిల్ల పుట్టింది. తల్లీపిల్లా మా ఇంట్లోనే ఉన్నారు. ఇరవై ఒకటో రోజున తొట్టెల వేడుక. మా ఇంట్లో పిల్లలెవరైనా తొలిసారి తొట్టెలలో పడుకునేది బొంత మీదే. ఇంట్లోని పెద్దవాళ్ల పాత చీరలు పొరలు పొరలుగా పేర్చి కుట్టిన బొంత. ఇన్నేళ్లూ అవన్నీ మా అమ్మ చేత్తోనే కుట్టింది. ఇప్పుడామె బొటనవేలు సూదిని తొయ్యలేకపోతోంది. చీరలు ఏరి పెట్టుకుని, వాటి ముందు కూర్చుని వేలు నిమురుకుంటోంది. సరిగ్గా అప్పుడే నిజామాబాద్ నుంచి మా వియ్యపురాలు ఫోన్ చేసింది.

"ఎందుకొదినా గా పాత చీరల తిప్పలు? నేను ఆన్‌లైన్ల ఫోం పరుపు ఆర్డర్ పెట్టిన. తొట్టెల నాటికి వస్తది. మెత్తగ ఉంటదట."

మనిషి మంచిదే. కానీ ఆ "మెత్తగ" అన్నమాట విని మా అమ్మ ఆ పూట అన్నం సగమే తిన్నది. "అయితే నా మనుమరాలి బిడ్డ ప్లాస్టిక్ మీద పండుకుంటదా?" అంది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. "నేను కుడత. మిషన్ మీద కుడత," అని మాటిచ్చేశాను.

పండుగ ఆఫర్లో కొన్న తేలికపాటి కరెంటు మిషన్ ఒకటి మా ఇంట్లో ఉంది. నాలుగు పొరల చీర పెట్టేసరికి అది మూలిగింది, కాలిన వాసన వేసింది. సూది విరిగి వెళ్లి అమ్మ తమలపాకుల పళ్లెంలో పడింది. మిషన్‌ను చంకనెత్తుకుని బస్టాండు దగ్గరి మెకానిక్ దగ్గరికి వెళ్తే, అతను విప్పకుండానే తల అడ్డంగా ఊపాడు.

"గీ డబ్బాతోని బొంత గాదక్కా. పాత ఇనుప మిషన్ చూస్కో. అయస్కాంతం అంటాలె. చక్రం చేత్తోని తిప్పితే నెయ్యి లెక్క తిరగాలె. ఎల్లారెడ్డిల ఒక దర్జీ పని బంద్ జేస్తుండట. ఆయన దగ్గర నల్లదొకటి ఉంది, బంగారు తీగెల బొమ్మలుంటయ్. గది ఇస్తే కండ్లు మూసుకొని తెచ్చుకో."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేదు కదా అని అమ్మ కూడా బయల్దేరింది. నా సంచిలో రెండే వస్తువులు: ఆరు మడతలు వేసిన పాత చీర ముక్క, మా ఫ్రిజ్ మీద నుంచి పీకిన మామిడిపండు అయస్కాంతం. లింగంపేట దాటాక అమ్మకు పాఠం మొదలుపెట్టాను.

"ఆడ నువ్వు నోరు తెరవొద్దు. నల్లదాని దిక్కు చూడొద్దు."

"చూడకుంట ఎట్ల కొంటవే?"

"గదే అమ్మా బేరమంటే."

"మీ నాయన గిట్లనే గదా, కావాల్సిన ఎడ్లను చూడకుంట బేరం జేసి గుడ్డిదాన్ని తెచ్చిండు," అని అమ్మ కిటికీ వైపు తిరిగింది.

దర్జీ ఇంటి వసారాలో రెండు మిషన్లున్నాయి. ఒకటి నల్లది. మెడ మీద అరిగిన బంగారు తీగలు, పొద్దుటి ఎండలో తళుక్కుమంటున్నాయి. చూడగానే నా గుండె గంతేసింది. అందుకే వెంటనే ముఖం తిప్పేసుకున్నాను. రెండోది పచ్చది. దాని రంగు మున్సిపాలిటీ చెత్త డబ్బా రంగు. నేను నేరుగా పచ్చదాని మీద పడ్డాను.

"ఇదేంది అన్నా, గిట్ల పెచ్చులూడింది? చక్రం వంకర ఉన్నట్టుంది. స్టాండుకు తుప్పు. ఇది మిషనా, కోళ్ల గూడా?"

దర్జీ స్టూలు మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటున్నాడు. నా ఒక్కో మాటకూ "అవు చెల్లె, అవు" అంటున్నాడు. ఆయన చూడకుండా నా ఎడమ చేయి వీపు వెనక నుంచి నల్లదాని వైపు పాకింది. అయస్కాంతం టక్కుమని అంటుకుంది. ఇనుమే! ఆ ఆనందంలో నాకు ఒళ్లు తెలియలేదు. పచ్చదానికి ఆయన చెప్పిన ధరలో సగానికి సగం అడిగాను. ఎవరైనా తిట్టి పంపే ధర. ఆయన తిట్టాలి, నేను లేవాలి, గడప దగ్గర ఆగి "మరి అదెంత?" అనాలి. లేవడానికి కొంగు కూడా సర్దుకున్నాను.

"సరే చెల్లె, బోణీ బేరం. తీస్కపో," అన్నాడాయన.

దుకాణాల మధ్య పుట్టినవాళ్లకు ఆ మాట బరువు తెలుసు. ధర అడిగింది నేను, ఒప్పుకున్నది ఆయన, పైగా బోణీ. ఇప్పుడు వద్దంటే ఆయన రోజంతా పాడు చేసినదాన్నవుతాను. అలా వెళ్లిపోయిన ఒక గిరాకీని మా బాపు పన్నెండేళ్ల పాటు తిట్టాడు.

అమ్మ ఇక ఆగలేదు. "మనమొచ్చింది గా నల్లదాని కోసం గదనే!" అని అరిచింది.

దర్జీ పగలబడి నవ్వాడు. "నాకెర్కే అవ్వా. నీ బిడ్డ గడపల కాలువెట్టంగనే నల్లదాన్ని చూసి మొఖం తిప్పుకుంది. నలభై ఏండ్లు బట్టలు కుట్టిన, గిరాకీ మొఖం నాకు తెల్వదా? అగో, ఆమె మామిడిపండు గూడ ఆన్నే ఉంది."

తిరిగి చూస్తే నల్ల మిషన్ నడుముకు నా పసుపు మామిడిపండు వేలాడుతోంది. పీకబోతే రాలేదు. రెండు చేతులతో లాగితే వచ్చింది.

"పోనీ అన్నా, నల్లదెంత?" అన్నాను, బాపు ఆత్మ క్షోభిస్తుంటే.

"అది నేను సచ్చేదాక నాది. ఊకె ముందట పెడ్త. దాన్ని చూసెటందుకు వచ్చినోళ్లు పచ్చదాన్ని అడుగుతరేమో అని."

అంటే నేను ఆడిన ఆటే ఆయనా ఆడాడు, నాకన్నా ముందు కూర్చుని. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అమ్మకు మాత్రం నవ్వు రాలేదు. "మరి పిల్ల బొంత?" అంది చిన్న గొంతుతో.

ఆ గొంతుకే కాబోలు, ఆయన లేచాడు. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి పచ్చదాని మెడ మీద గీకాడు. పచ్చ పెచ్చులు రాలాయి. కింద నలుపు. ఇంకొంచెం గీకితే ఒక బంగారు ఆకు. తర్వాత కిరోసిన్ గుడ్డతో అడుగున ఉన్న ఇత్తడి రేకు తుడిచి, నన్ను వంగి నంబరు చదవమన్నాడు. అదయ్యాక నల్లదాని నంబరు. రెండోది మొదటిదాని తర్వాతి అంకె!

"రెండూ ఒక్కనాడే తెచ్చిన. కిటికీలకేసిన రంగు మిగిలిందని మా ఇంటామె దీనికి పూసింది. ఇన్నేండ్ల సంది ఎవ్వలు వచ్చినా కోళ్ల గూడనే అంటరు. పాతినుపోడు కిలో లెక్క అడిగిండు. నువ్వు వానికంటె మీదనే అడిగినవ్ చెల్లె, అందుకే ఇచ్చిన."

నా జీవితంలో అతి గొప్ప బేరం అనుకున్నది, పాత ఇనుము ధర మీద నాలుగు రూపాయలు ఎక్కువట!

కానీ ఇంకా ఒక సంగతి తేలలేదు. ఆరు మడతల చీర పచ్చదాని కింద పెట్టి తొక్కాను. రెండు కుట్లు పడి ఆగిపోయింది. అమ్మ కళ్లు మూసుకుంది. దర్జీ నన్ను లేపి, లావు సూది ఎక్కించాడు, గుడ్డను అదిమిపట్టే మరను కాస్త వదులు చేశాడు, కుట్టు పొడవు పెంచాడు. "మొదటి రెండు కుట్లు చేత్తోని తిప్పు. ముసలిది, దుంకమంటే దుంకది. ఆనక ఎంతైనా ఉరుకుతది."

చక్రం చేత్తో తిప్పి, తొక్కాను. గడగడగడమంటూ సాగిపోయింది. గుడ్డ చివర దాటి ఉత్త గాలిని కూడా కుడుతున్నాను, ఆపడం మరిచిపోయి. అమ్మ ఆ ముక్కను లాక్కుని తిరగేసింది. బొంత మంచిచెడ్డలు అడుగున తెలుస్తాయి. కళ్లకు దగ్గరగా పెట్టుకుని, గోరుతో ప్రతి కుట్టునూ తడిమి, "మంచిగున్నది," అంది.

సూదుల డబ్బీ, నూనె సీసా ఆయన ఎంత అంటే అంతకే తీసుకున్నాను. అమ్మ నా నుదురు తాకి చూసింది, జ్వరమేమోనని.

మిషను తల గోనె సంచిలో, స్టాండు విడిగా బస్సెక్కించాం. కండక్టర్ లగేజీ టికెట్ కొట్టబోయాడు. "ఆడోళ్లకు ఫ్రీ గానీ మిషన్లకు గాదు."

"ఇది గూడ ఆడదే బిడ్డా, చీర కట్టుకునే పోతుంది," అని అమ్మ గోనెను తన కొంగుతో కప్పింది. బస్సంతా నవ్వింది. అయినా టికెట్ కొట్టాడు.

తొమ్మిది రోజులు కుట్టాం. నేను తొక్కుతుంటే అమ్మ ఎదురుగా కూర్చుని గుడ్డను లాగి పట్టుకునేది. వరుస వంకర పోతే "ఏ కల్లు తాగి నడుస్తుందే నీ మిషను?" అనేది. ఆఖరి వరుస తొట్టెల నాటి పొద్దున, చుట్టాలు చెప్పులు విడుస్తుంటే పూర్తయింది.

ఫోం పరుపు కూడా ఆ రోజే వచ్చింది, ప్లాస్టిక్ కవరుతో. వియ్యపురాలు దాన్ని విప్పేసరికి పాప అప్పటికే తొట్టెలలో, బొంత మీద, రెండు పిడికిళ్లూ తల పక్కన పెట్టుకుని నిద్రపోతోంది. లేపే ధైర్యం ఎవరికీ లేదు. కూర్చోవడానికి చోటు లేక, ఆ చిన్న పరుపు మీద మేమిద్దరం వియ్యపురాళ్లం ఇరుక్కుని కూర్చున్నాం. నిజంగానే మెత్తగా ఉంది. ఆ మాట ఆమెతో చెప్పాను కూడా.

ఆమె తొట్టెలలోకి చెయ్యి పెట్టి బొంత అంచు తిప్పి చూసింది, అడుగు వైపు. తర్వాత మా అమ్మను అడిగింది. "ఈ నీలం ఎవ్వలి చీర అవ్వా?"

అమ్మ పీట దగ్గరికి జరుపుకుని చెప్పడం మొదలుపెట్టింది. పాప లేచేదాకా చెప్పినా ఒక్క నీలం చీర సంగతే పూర్తి కాలేదు. ఇంకా ఐదు పొరలున్నాయి.