‘అర’ రెండు గళ్ళయిన రోజు

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది నన్ను చిత్తూరు శాఖ నుంచి తిరుపతికి మార్చి, మా ఆసుపత్రుల కంప్యూటర్ విభాగానికి సిస్టమ్స్ మేనేజర్ని చేశారు. హోదా పెద్దదే గానీ, నా కింద ఉన్నది ఇద్దరే: మా చిత్తూరు వాడు చెంగల్రాయుడు, తడ నుంచి వచ్చిన సెల్వం. తిరుపతి, చిత్తూరు, తడల్లోని మా ఆసుపత్రులకు బిల్లులు, మందుల చీటీలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ మా ముగ్గురి బాధ్యత.

దాన్ని కంటైనర్లలో నడిపేవాళ్ళం. కంటైనర్ అనగానే మనవాళ్ళకు తడ దగ్గర హైవే మీద పోయే లారీల ఇనుప పెట్టెలు గుర్తొస్తాయి. ఇదీ పెట్టె లాంటిదే. ప్రోగ్రాము నడవడానికి కావలసినవన్నీ అందులోనే సర్ది పంపుతాం. ఏమేం సర్దాలో వరసగా చెప్పేది బిల్డ్ ఫైలు. ఒక్కో ఊరికి దాన్ని చేత్తో రాస్తుంటే ఒకచోట దిద్దింది ఇంకోచోట మరిచిపోతున్నాం. అందుకని ఒకే మూస పెట్టుకున్నాం. ఊరి పేరు అందిస్తే చాలు, టెంప్లేట్ ఇంజిన్ ఆ మూసను చదివి ఆ ఊరి బిల్డ్ ఫైలును తానే రాసేస్తుంది. మూసలో షరతులుంటాయి. ఊరు తిరుపతి అయితే తెలుగు, తమిళం, హిందీ ఫాంట్లు చేర్చు, తడ అయితే తెలుగు, తమిళం చేర్చు, ఇలాగన్నమాట. మూస రాసింది చెంగల్రాయుడు. ఊళ్ళ పేర్లు నింపింది సెల్వం.

కొత్త కంటైనర్‌ను తిరుపతిలో ఎక్కించిన ఉదయం తప్పుందని చూపే ఎర్రక్షరం ఒక్కటి కూడా రాలేదు. కౌంటర్ తెర మీద తెలుగు చక్కగా కనిపించింది. తెరకు వాడేది ఆ కౌంటర్ కంప్యూటర్‌లోని ఫాంటు, అచ్చుకు వాడేది కంటైనర్‌లోని ఫాంటు. అప్పటికి ఆ తేడా ఎవరికీ తట్టలేదు.

మధ్యాహ్నం డిశ్చార్జి కౌంటర్ నుంచి ఫోన్ వచ్చింది. “మేడం, చీటీల్లో అక్షరాలు పడలేదు. గళ్ళుగా వస్తా ఉండాయి.” పరుగెత్తాను. ఫాంటు లేకపోతే కంప్యూటర్ ఒక్కో అక్షరానికి బదులు ఒక్కో ఖాళీ గడి వేస్తుంది. వెంటనే పాత కంటైనర్‌ను వెనక్కి తెచ్చాం. చీటీలు తీసుకున్నవాళ్ళు చాలామంది ఇంకా మందుల కిటికీ దగ్గరే ఉన్నారు, కొందరు ఫోన్లో దొరికారు. దొరకనిది ఒక్క మునెమ్మే.

ఆమెది ఐరాల దగ్గర పల్లె. గుండె కవాటం మార్పించుకున్న మనిషి. గడ్డలు కట్టకుండా రక్తాన్ని పలచబరిచే మాత్ర రోజూ రాత్రి వేసుకోవాలి. చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని డాక్టరు ఆ రోజే మోతాదును ఒక మాత్ర నుంచి అర మాత్రకు తగ్గించారు. చీటీ మీద ‘రాత్రి’ అన్న మాట ముందే ప్రెస్సులో అచ్చయి ఉంటుంది. దాని కింద మా ప్రోగ్రాము వేయవలసింది ఒక్క మాట, ‘అర’. రెండక్షరాలు. రెండు గళ్ళు.

అది తట్టగానే డాక్టరును అడిగితే, మోతాదు ఎక్కువైతే లోపల రక్తం కారినా బయటికి తెలియదని, రాత్రి మాత్ర వేసుకునేలోపే ఎలాగైనా చెప్పమని గట్టిగా అన్నారు. రికార్డులో ఉన్న నంబరు స్విచాఫ్. నేనూ సెల్వం ఆసుపత్రి జీపెక్కాం. పాకాల దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనక ఇరుక్కుపోయాం. సెల్వం ఆగకుండా అదే నంబరు నొక్కుతున్నాడు. “ఇంక చాలించప్పా, ప్రాణం తీస్తా ఉండావు!” అని అరిచాను. పాపం, అతనికీ చెమటలు పడుతున్నాయి.

పొద్దుగూకే వేళకు ఇల్లు పట్టుకున్నాం. మునెమ్మ అరుగు మీద సంగటి తింటోంది. పక్కన ఆమె భర్త దొరస్వామి, అతని ముందు స్టీలు మూతలో రెండు మాత్రలు.

మాత్ర వేసుకుందా అని అడిగాను.

“ఇంకా లేదమ్మా, తిన్నాక గదా. రెండు ఎత్తి పెట్టినాను” అన్నాడు దొరస్వామి.

“రెండెందుకు?”

“చీటీలో రెండు గళ్ళుండాయి గదా! మొన్నటిదాకా ఒక మాత్రే. జబ్బు ముదిరింది, అందుకే పెంచినారనుకున్నాం. బస్సులో యాడ్చుకుంటానే వచ్చింది ఇది.”

సెల్వం ఒక మాత్రను డబ్బాలో వేసి, ఇంకోదాన్ని గీత మీద విరిచి, సగం మూతలో పెట్టాడు. పెంచలేదని, తగ్గించారని, అక్షరాలు పడక గళ్ళు వచ్చాయని చెప్పాను. మునెమ్మ ముఖం తేటపడింది. మరుక్షణమే కోపం వచ్చింది. “రాసేది చేతగాకుంటే నోటితో సెప్పకూడదా? మా చెవులు బాగానే ఉండాయి!” అంది.

మర్నాడు కారణం దొరికింది. ఇంగ్లీషులో తిరుపతి రాసేటప్పుడు చెంగల్రాయుడు చివరి ‘తి’కి హెచ్ పెట్టడు, సెల్వం పెడతాడు. మన బోర్డుల మీదా రెండు రకాలూ ఉంటాయి. ఇంజిన్‌కు మాత్రం అవి రెండు ఊళ్ళు. షరతు కుదరలేదని ఫాంట్ల వరసలు వదిలేసి, మిగతా ఫైలు రాసేసి, పని అయిందని చెప్పింది. “హెచ్ ఎందుకు పెడతావబ్బా?” అని ఒకడు, “నువ్వెందుకు పెట్టవు?” అని ఇంకొకడు. ఇద్దరినీ నోరు మూసుకోమన్నాను. ఏ స్పెల్లింగు సరైనదో తేల్చడం నా పని కాదు.

నా పనల్లా మూసను దిద్దించడం. జాబితాలో లేని ఊరి పేరు వస్తే ఫైలు రాయకుండా ఆగి, ‘ఈ ఊరు నాకు తెలియదు’ అని చూపించేట్టు పెట్టించాను. ఒక చీటీ అచ్చు వేసి కళ్ళతో చూడనిదే కొత్త కంటైనర్ ఎక్కించకూడదన్నాను. కౌంటర్లో చీటీ ఇచ్చేవాళ్ళు మోతాదు నోటితో కూడా చెప్పాలని పైవాళ్ళ చేత ఉత్తర్వు వేయించాను. అది మునెమ్మ పెట్టిన నిబంధనే.

ఆ తర్వాత మా బిల్డ్ ఫైలు తయారీ చీటికీ మాటికీ ఆగిపోయేది. కుర్రాళ్ళిద్దరూ విసుక్కునేవాళ్ళు, విసుక్కోనీ అనుకునేదాన్ని. రిటైరయ్యేదాకా ఆగిన పనికి నేను భయపడలేదు. ఏ గొడవా లేకుండా అయిపోయిన పనినే లేచి వెళ్ళి చూసేదాన్ని.