సున్నతికి మీ నాన్న ఒప్పుకున్నాడు

చిన్నోడా, ఈ రోజు మీ నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్లాను. నీలాగే ఆయనకూ షుగర్ కదా. మూత్రం పోసే చోట తోలు బిగుసుకుపోయి మాటిమాటికీ పుండు పడుతోంది. డాక్టరు చూసి సున్నతి చేయాలన్నాడు. మీ నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నేను చర్చి పెద్దను. మనకు సున్నతి అక్కర్లేదని ఇరవై ఏండ్ల సంది అందరికీ చెప్తున్న. ఇప్పుడు నేనే చేయించుకోవాల్నా?"

"అది మతం కోసం అంకుల్, ఇది జబ్బు కోసం. తోలు వెనక్కి వచ్చేటోళ్లు రోజూ నీళ్లతో కడుక్కుంటే చాలు. మీకు వస్తలేదు, అందుకే లోపల చీము పడుతుంది," అన్నాడు డాక్టరు.

అయినా ఆయన గుమ్మం దాటబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"చర్చిల నిన్నెవరు చూడొస్తరయ్యా? చిన్నోడు సుత గిట్లనే సిగ్గుపడి దాచిండు. చీము ఒళ్లంతా పాకినంక చెప్పిండు. ఒక్కణ్ని బొల్లారం సమాధుల్ల పాతిపెట్టి వచ్చిన. ఇంకొకరి కోసం ఆ మట్టి తొక్కలేను."

ఆయన వెనక్కి వచ్చి కాగితం మీద సంతకం పెట్టాడు. ఎల్లుండి ఆపరేషన్.

ఇది ఇక్కడ, నలుగురూ చదివే ఈ గ్రూపులో రాయొద్దన్నాడు, రాసేశాను. చదివేవాళ్లు చెప్పండి, మీ ఇళ్లలో మగవాళ్లు ఇలాంటివి నోరు విప్పి చెబుతారా? చెప్పకపోతే మీరే అడగండి. చిన్నోడు పోయాక నాకు ఈ పూటే అన్నం ముద్ద గొంతు దిగింది. మీరూ కడుపునిండా తినండి.