చేపకు మంగళవారం ఒక్కపొద్దు

మా ఆఫీసులో నాకు సెలవు కావాలంటే జ్ఞానేశ్వర్ సారును అడగాలి. ఆశాకు సెలవు కావాలంటే చేపను అడగాలి. ఈ మాట నేను నలుగురిలో చాలాసార్లు అన్నాను. అందరూ నవ్వేవారు, ఆశా కూడా నవ్వేది. ఇప్పుడు అనడం మానేశాను.

నా పేరు హన్మంతు. మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన కనిపించే ప్లాట్ల వెంచర్‌కు డ్రైవర్ని. పట్నం నుంచి వచ్చినవాళ్లను జీపులో తిప్పి ప్లాట్లు చూపించడం నా పని. ఆ ప్లాట్లలో నూట పదకొండు నుంచి నూట ముప్పై దాకా ఒకప్పుడు మా జొన్నచేను. ఆ సంగతి వచ్చినవాళ్లకు చెప్పను. చెబితే జాలి పడతారు, జాలి పడితే నాకు ఒళ్లు మండుతుంది. అయినా ఇది నా కథ కాదు, ఆశా కథ.

ఆశాది చేవెళ్ల. ఆఫీసులో ముందు బల్ల దగ్గర కూర్చొని ఫోన్లు ఎత్తుతుంది, వచ్చినవాళ్లకు మ్యాపు చూపిస్తుంది. భర్త ప్రేమ్ కుమార్ ఇళ్లకు కరెంటు వైరింగు చేస్తాడు. ఒక్కతే కూతురు షారోన్, తొమ్మిదో తరగతి. ఇంట్లో అత్త ధనమ్మ. పెళ్లయిన ఏడాది ఆశా కలిపిన మామిడికాయ తొక్కు బూజు పట్టింది. ఆనాటి నుంచి ధనమ్మ ఆమెను జాడీ దరిదాపులకు రానివ్వలేదు. "నీ చెయ్యి మంచిది కాదు బిడ్డా" అనేది. తిట్టినట్టు కాదు, వంకాయలో పుచ్చు చూపించినట్టు మామూలుగా చెప్పేది. పదిహేనేళ్లుగా ప్రతి ఎండాకాలం ఆశా ఆ మాట వింటూనే ఉంది.

మూడేళ్ల కిందట వాస్తు చూసే ఒకాయన వచ్చి, ఆఫీసు ఈశాన్య మూలలో ఎర్రటి ప్రాణి ఒకటి కదులుతూ ఉండాలని చెప్పి పోయాడు. సారు వెంటనే ఒక ఫైటర్ చేపను తెచ్చాడు. స్వీటు డబ్బా అంత గాజు తొట్టి, అడుగున నీలం రాళ్లు, ఒక ప్లాస్టిక్ మొక్క, మధ్యలో కుంకుమ రంగు చేప ఒక్కటే. ఇంకో మగచేపను వేస్తే రెండూ చచ్చేదాకా కొట్టుకుంటాయట. ఈశాన్యంలో ఉన్నది ఆశా బల్ల కాబట్టి మేత వేసే పని ఆమెకు పడింది. తొలిరోజు పొద్దున నాలుగు గింజలు వేసింది. మధ్యాహ్నానికల్లా, వీధిపోటు ఉందని ఎనిమిది నెలలుగా ఎవరూ కన్నెత్తి చూడని మూల ప్లాటును ఒక రిటైర్డ్ ఆఫీసరు కళ్లకద్దుకొని తీసుకున్నాడు.

"ఆశమ్మా, నీ చెయ్యి మంచిదమ్మా" అన్నాడు సారు అందరి ముందూ. "రేపటి సంది బోణీకి ముందు చేపకు నువ్వే మేత వెయ్యాలె. చెయ్యి మారొద్దు."

ఆ సాయంత్రం చేవెళ్ల దాకా నేనే జీపులో దింపాను. దారి పొడుగునా ఆశా తన కుడి అరచేతిని ఒళ్లో పెట్టుకొని చూసుకుంటూ కూర్చుంది. నాకు ముచ్చటేసింది. అప్పుడు నాకేం తెలుసు.

మా వ్యాపారమంతా ఆదివారమే. పట్నంవాళ్లకు సెలవు దొరికేది ఆ రోజే. అంతకుముందు ఆదివారాలు ఆశాకు సెలవు ఉండేది, చేవెళ్ల చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. చేప వచ్చాక మొదట నెలకొక ఆదివారం పోయింది, తర్వాత రెండు పోయాయి, తర్వాత ఆదివారమంటే ఆఫీసే అయింది. చర్చిలో పాట ఎత్తుకునే పని ఇంకొకామెకు ఇచ్చేశారు. సారు చెడ్డవాడు అందామంటే నోరు రాదు, నా మంటంతా అదే. అరిచే మనిషైతే ఎదురు తిరగొచ్చు. ఈయన పండుగకు చీర పెడతాడు, పాప పరీక్షలు ఎట్ల రాసిందని అడుగుతాడు, "నువ్వు లేకుంటె ఈ ఆఫీసు ఎట్లమ్మా" అంటాడు. ఆ మాట వినగానే ఆశా అడగాలనుకున్నది మింగేస్తుంది.

"ఒక్క ఆదివారం రాకపోతె ఏమైతది?" అని ఒకసారి నేనే అడిగాను.

"ఆ దినం బేరం కాకపోతె, ఆశా రాలేదు, గందుకే కాలేదు అంటరు. బేరమైతె, ఇంక ఆశా ఎందుకు అంటరు" అంది. కొంచెం సేపటికి, "నన్ను మంచిదన్న మాట ఆ ఒక్కటే ఉన్నదన్నా" అంది.

పిల్లలతో వచ్చినవాళ్ల ముందు సారు తన ఫోనును తొట్టి అద్దానికి ఆనించి పెడతాడు. చేప ఆ నల్లటి ఫోను తెరలో తన నీడను చూసి ఇంకో చేప అనుకుంటుంది, మొప్పలు విప్పుకొని మీదికి దూకుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. అందరూ పోయాక ఆశా తన ఫోనును బల్ల మీద బోర్లా పెట్టుకునేది. "ఎవలితోనో కొట్లాడుతున్న అనుకుంటదన్నా. ఎదురుంగ ఎవలు లేరు" అనేది.

పోయిన జనవరిలో, చలి బాగా ఉన్న ఒక పొద్దున, నేను షట్టర్ ఎత్తాను, నా వెనకాలే ఆశా లోపలికి వచ్చింది. చేప పొట్ట ఉబ్బి, పక్కకు ఒరిగి తేలుతోంది. నాకు నిజంగా సంతోషమేసింది.

"పీడ పాయె" అన్నాను. "సచ్చిందని సారుకు చెప్పు. నీ ఆదివారాలు నీకొస్తయి."

ఆశా తొట్టిని రెండు చేతులతో పట్టుకొని నిలబడిపోయింది. "నా చేతులనే సచ్చింది గదన్నా. ఈడ గూడ నా చెయ్యి మంచిది కాదంటరు" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మొయినాబాద్‌ల సక్కుబాయి దుకాణంల గిసొంటియే ఉంటయి. సారు వచ్చేలోపల తెద్దాం. జర జీపు తియ్యన్నా."

నేను తిట్టాను. తిడుతూనే జీపు తీశాను. ఆ రోజు తీయకుండా ఉండాల్సింది. ఆ తప్పు నాది, ఎవరి మీదికీ నెట్టను.

సక్కుబాయి రంగు చేపలూ పిట్టల మేతా అమ్ముతుంది. మొహమాటం అంటే ఏమిటో తెలియని మనిషి. చచ్చిన చేపను అరచేతిలో వేసుకొని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దినాం ఎన్ని గింజలేస్తవు?"

"నాలుగు. ఒక్కనాడు గూడ తప్పలె" అంది ఆశా.

"గందుకే సచ్చింది. తిని తిని పొట్ట ఉబ్బింది. మనం ఒక్కపొద్దులుంటం గదా, వారానికొకటి దీనికి గూడ ఉండాలె. నాలుగొద్దులు మేత లేకున్న బతుకుతది ఇది. నువ్వొక్కనాడు రాకపోతె ఏం కాదు."

ఆశా ఆ మాటకు తలెత్తి చూసింది. కొత్త చేపను ప్లాస్టిక్ సంచిలో పట్టుకొని జీపెక్కింది. దాని తోక పాతదానికన్నా కొంచెం పొట్టి. పది గంటలకు సారు వచ్చి తొట్టిలోకి వంగి చూసి, "చేపకు కళ వచ్చిందే" అన్నాడు. అంతే, ఇంకెవరూ ఏమీ అడగలేదు.

ఇక అసలు సంగతి. ఈ ఏడాది ఈస్టర్ తర్వాతి ఆదివారం షారోన్‌కు బాప్తిస్మం ఇస్తామని ఎజ్రా అయ్యగారు చెప్పారు. ఆయన ఆ చర్చి పాస్టరు. అక్కడ ఒక అలవాటు ఉంది. అయ్యగారు పిల్లను నీళ్లలో ముంచి లేపగానే, మొదట తల్లి ఆ తడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయాలి. తర్వాతే ఇంకెవరైనా. మనిషికి ఒక్కసారి వచ్చే రోజు అది.

"నా బిడ్డ నెత్తి మీద ముందుగాల నా చెయ్యే పడాలె అన్నా" అని ఆశా నెల ముందు నుంచీ నాతో అంటూనే ఉంది. బాప్తిస్మం తొమ్మిదిన్నరకు. సరిగ్గా అదే ఆదివారం మా వెంచర్ రెండో ఫేజు ప్రారంభం పెట్టారు. ముహూర్తం తొమ్మిది నలభైకి.

ఆశా అప్పుడు సక్కుబాయి మాటను బయటికి తీసింది. ఎన్నాళ్ల నుంచి దాచుకుందో పాపం. సారు గదిలోకి వెళ్లి, వారానికొక రోజు మేత లేకుండా ఉంచితే చేపకు మంచిదని దుకాణమామె చెప్పిందని, ఆదివారం ఒక్కపొద్దు ఉంచుదామని చెప్పింది. నేను గుమ్మంలో ఉన్నాను.

సారు శ్రద్ధగా విన్నాడు. "ఇన్నొద్దులు చెప్పకపోతివేందమ్మా. నోరులేని జీవి" అన్నాడు. ఆశా ముఖం విచ్చుకుంది. "తప్పకుండ ఉంచుదాం. ఒక్కపొద్దంటె మంగళవారమే గదా. నేను గూడ మంగళవారమే ఉంట. నాకు తోడైతది."

"ఆదివారమైతె..." అంది ఆశా.

"ఆదివారం కోడికూర తినే దినం. ఆదివారం ఒక్కపొద్దు ఎవలుంటరమ్మా?" సారు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "పాప బాప్తిస్మానికి నువ్వు పోవద్దంటనా? ముహూర్తానికి ఆ నాలుగు గింజలేసి పో. హన్మంతు దింపుతడు."

అట్లా చేపకు వారానికొక సెలవు దొరికింది. ఆశా బయటికి వచ్చి తన కుర్చీలో కూర్చొని మోగుతున్న ఫోను ఎత్తింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. శనివారం దాకా ఆపుకున్నాను, ఇక ఆగలేదు. సారు గదిలోకి పోయి తలుపు వేశాను.

"సార్, మీ చేప జనవరిలనే సచ్చింది. నేనే జీపుల పోయి ఇంకోటి తెచ్చిన. ఇన్ని నెలల సంది మీరు చూసేది వేరే చేప. అయినా బేరాలు ఆగినయా? మహిమా లేదు, గిహిమా లేదు. రేపు ఆమెను పంపుండ్రి."

నా ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. సారు కుర్చీలో వెనక్కి వాలాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "అంటే చేప మారినా బేరాలు ఆగలే."

"ఆగలే సార్. గదే చెప్తున్న."

"అంటే అదృష్టం చేపది కాదన్నట్టు. ఆ చేతిది." లేచి వచ్చి నా భుజం తట్టాడు. "మంచిదైంది చెప్పినవ్ హన్మంతూ. ఆ చెయ్యిని ఇంక అస్సలు విడువద్దు."

బయటికి వచ్చి జీపు టైరును తన్నాను. కాలు నొప్పి పుట్టింది, ఇంకేమీ కాలేదు.

ఆదివారం ఆశా తెల్లచీర కట్టుకొని వచ్చింది. ఆఫీసు నిండా జనం. పంతులు గడియారం చూసి తల ఊపాడు. ఆశా నాలుగు గింజలు వేసింది, చేప పైకి వచ్చి ఒక్కొక్కటే అందుకుంది, అందరూ చప్పట్లు కొట్టారు. అప్పటికే నేను ఇంజను ఆన్ చేసి పెట్టాను. కానీ రోడ్డు వెడల్పు చేసే పనులతో దారి సగం తవ్వేసి ఉంది, మిగిలిన సగంలో ఫామ్‌హౌసులకు పోయే కార్లు. హారన్ కొట్టి కొట్టి నా బొటనవేలు నొప్పి పెట్టింది. మధ్యలో ఒకసారి ఆశా, చేతికి మేత వాసన వస్తోందని సీసాలో నీళ్లు అడిగి చెయ్యి కడుక్కుంది.

చేవెళ్ల చేరేసరికి పదీ ఇరవై అయింది. ఆశా చెప్పులు నా జీపులోనే వదిలేసి పరుగెత్తింది. నేను వెనకాలే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. అయ్యగారు ముప్పావుగంట ఆగారట. ఇంకా ఆరుగురు పిల్లలు వరుసలో ఉన్నారు, ఎంతసేపు ఆగుతారు. తెల్లబట్టల్లో షారోన్ తల వంచుకొని నిలబడి ఉంది, జడ నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆ తల మీద ధనమ్మ చెయ్యి ఉంది. ప్రార్థన అయిపోయింది, అందరూ ఆమేన్ అనేశారు.

కోడలిని చూసి ధనమ్మ గబుక్కున చెయ్యి తీసేసింది. "రా బిడ్డా, నువ్వు గూడ పెట్టు" అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది అనిపించింది నాకు.

ఆశా చెయ్యి పెట్టింది. షారోన్ కళ్లు తెరిచి తల్లిని చూసింది.

"మమ్మీ, చేప తిన్నదా?" అంది.

దెప్పిపొడవడం కాదు. మూడేళ్లుగా ఆ ఇంట్లో రోజూ అడిగే మాట అదే కాబట్టి అడిగింది.

"తిన్నది బిడ్డా" అంది ఆశా.

మరుసటి ఆదివారం తొమ్మిదికి నేను షట్టర్ ఎత్తాను. ఆఫీసులో మేమిద్దరమే. ఆశా మేత సీసా మూత తీసింది, కుడిచేతిని కొంగులో చుట్టుకుంది, నాలుగు గింజలు ఎడమచేత్తో తీసింది. మా వైపు ఎడమచేత్తో ఉప్పు కూడా ఇవ్వరు. బోణీకి ఎడమచెయ్యి పెట్టారంటే ఆ పూట దుకాణం కట్టేసుకోవాల్సిందే అంటారు. ఆశా నా వైపు చూస్తూ నాలుగు గింజలూ నీళ్లలో వేసింది. నేను చూడనట్టు తల తిప్పుకున్నాను. నా ప్రాణం ఎంత తేలికపడిందో చెప్పలేను.

సాయంత్రానికి మూడు ప్లాట్లు పోయాయి. రెండో ఫేజు మొదలయ్యాక ఒక్కరోజులో అన్ని పోవడం అదే మొదలు. సారు స్వీటు డబ్బా తెచ్చి తన చేత్తో ఆశా బల్ల మీద పెట్టి, "నీ చెయ్యి చల్లగుండ" అని వెళ్లిపోయాడు.

ఆశా డబ్బా తెరవలేదు. రెండు అరచేతులూ తొట్టి పక్కన బల్ల మీద పరిచి చాలాసేపు చూసింది. తర్వాత ఎడమచేతిని కొంచెం పైకెత్తి నాకు చూపించింది.

"హన్మంతన్నా" అంది, "ఇది గూడ మంచి చెయ్యే అయిపాయె."